‘రేపే ఆఖరు తేదీ’ అని వేస్తే ఎవరికండీ ఉపయోగం?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను మద్దిలపాలెంలో చిన్న నెట్ సెంటర్ కమ్ జెరాక్స్ షాపు నడుపుతుంటానండి. రెండు సిస్టమ్‌లు, ఒక కలర్ ప్రింటర్, ఒక లామినేషన్ మిషను, అంతే. పన్నెండేళ్ల నుంచి మీ పేపరే వేయించుకుంటున్నా. పొద్దున్న షట్టర్ ఎత్తగానే ముందు జిల్లా పేజీ చూస్తా, ఎందుకంటే ఆ రోజు ఏ అప్లికేషన్ కోసం జనం వస్తారో అక్కడే తెలిసిపోతుంది. కాబట్టి నాకు మీ పేపర్ మీద కోపం ఏమీ లేదు, కానీ ఇప్పుడు రాసేది మాత్రం కంప్లైంటే.

మీరు స్కాలర్‌షిప్ వార్త వేస్తారు, కాదనను. కానీ ఎప్పుడు వేస్తారు? ‘దరఖాస్తులకు రేపే ఆఖరు’ అని లోపలి పేజీలో కింద మూలన, నాలుగు లైన్లు. ఆ రోజు సాయంత్రం కాలేజీ అవ్వగానే మా షాపు ముందు ఇరవై మంది నిలబడతారు. ఒకరి దగ్గర ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఉండదు, ఒకరిది ఉంటుంది గానీ పాతది, ఒకరి ఆధార్‌లో పేరుకీ టెన్త్ మెమోలో పేరుకీ ఒక అక్షరం తేడా, ఇంకొకరు బోనఫైడ్ కోసం మళ్లీ కాలేజీకి పరిగెడితే అప్పటికే క్లర్క్ గారు ఇంటికెళ్లిపోయారు. ఈలోగా సర్వర్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. రాత్రి పదకొండింటికి పది మందివి అవుతాయి, మిగతా పది మంది ‘పోన్లే అంకుల్, వచ్చే ఏడాది చూద్దాం’ అని వెళ్లిపోతారు. వచ్చే ఏడాది వాళ్లు ఎలిజిబులే కాదని వాళ్లకి తెలీదు పాపం.

ఇంజినీరింగ్ పిల్లల సంగతి నేను చెప్పట్లేదండి, వాళ్లకి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నా బాధంతా బీఎస్సీ పిల్లల గురించే. బీఎస్సీలో చేరారంటే చుట్టాల్లో సగం మంది ‘ఏటి, సీటు రాలేదా’ అని అడుగుతారు. ఆ పిల్లలకి స్కాలర్‌షిప్ అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక్కటే. అది కాకుండా సైన్స్ చదివేవాళ్ల కోసమే విడిగా డబ్బులు ఉన్నాయని మూడేళ్లు చదివి బయటికొచ్చేదాకా కూడా చాలామందికి తెలీదు.

ఒక సంగతి చెప్తా. పోయిన సంవత్సరం అనకాపల్లి వైపు నుంచి రోజూ వచ్చి చదువుకునే ఒక అమ్మాయి బస్ పాస్ కాయితాలు జెరాక్స్ తీయించుకోడానికి వచ్చింది, బీఎస్సీ సెకండియర్. కాయితాల్లో ఇంటర్ మెమో కనబడింది, మార్కులు చూసి నాకే కళ్లు తిరిగాయి. ‘ఇన్‌స్పైర్‌కి పెట్టావా అమ్మా’ అన్నా. ‘అది స్కూల్లో ఎగ్జిబిషన్ కదా అంకుల్, ఎనిమిదో క్లాసులో పెట్టాను, పదివేలు ఇచ్చారు’ అంది. ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదండి, స్కూలు పిల్లలకి ప్రాజెక్టుల కోసం ఇచ్చే పదివేలు కూడా ఇన్‌స్పైర్ పేరు మీదే ఉంటాయి. కానీ అదే పేరుతో కాలేజీ పిల్లలకి వేరేగా ఉంది. కేంద్రంలో సైన్స్ అండ్ టెక్నాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్లు 2008లో మొదలుపెట్టిన స్కీమ్ అది, అందులో స్కాలర్‌షిప్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్ అని ఒక భాగం. ఇంటర్‌లో మన బోర్డు టాప్ 1 శాతంలో ఉండి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బోటనీ, జువాలజీ, స్టాటిస్టిక్స్, జియాలజీ లాంటి బేసిక్ సైన్స్ సబ్జెక్టుతో బీఎస్సీలోనో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలోనో చేరితే ఏడాదికి 80 వేలు. అందులో 60 వేలు నెలకి ఐదు వేల లెక్కన చేతికి, మిగతా 20 వేలు వేసవిలో ఒక సైంటిస్ట్ దగ్గరో ప్రొఫెసర్ దగ్గరో ప్రాజెక్ట్ చేసి రిపోర్ట్ ఇస్తే. మార్కులు నిలబెట్టుకుంటే ఎమ్మెస్సీ దాకా వస్తుంది, ఐదేళ్లు. ఐదేళ్లకి నాలుగు లక్షలండి. మెలిక ఏంటంటే ఇంటర్ పాసైన ఆ సంవత్సరమే పెట్టాలి, ఫస్టియర్‌లోనే. సెకండియర్‌కి వచ్చేస్తే తలుపు మూసుకున్నట్టే. ఆ అమ్మాయి మార్కులు టాప్ 1 శాతం కటాఫ్ దాటాయో లేదో నేను చెప్పలేను, పెట్టుంటే తెలిసేది. ఆ మాట చెప్తే ఒక్క నిమిషం అలా నిలబడి, జెరాక్స్‌కి నాలుగు రూపాయలు ఇచ్చి వెళ్లిపోయింది. నాకా రోజు అన్నం సయించలేదు.

ఇంకో గొడవ ఉంది. ఇంటర్ రిజల్ట్స్ ఏప్రిల్‌లో వస్తాయి, అప్పుడు అన్ని పేపర్లూ టాపర్ల ఫొటోలతో నిండిపోతాయి. ఇన్‌స్పైర్ అప్లికేషన్లు తీసేది ఎన్నో నెలల తర్వాత, అప్పటికి ఆ టాపర్లు ఎక్కడున్నారో ఎవరికీ పట్టదు. దానికి కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన ఎండార్స్‌మెంట్ ఫారం కావాలి, అదేంటో చాలా కాలేజీల్లో ఆఫీసు వాళ్లకే తెలీదు, మేమే ప్రింట్ తీసి ఇచ్చి ‘ఇక్కడ సంతకం, ఇక్కడ స్టాంపు’ అని పెన్సిల్‌తో గుర్తు పెట్టి పంపిస్తాం.

టాప్ 1 శాతంలో లేనివాళ్లకి సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. ఇది సైన్స్ ఒక్కదానికే కాదు, ఏ డిగ్రీకైనా. బోర్డులో 80వ పర్సంటైల్ పైన, అంటే వంద మందిలో మొదటి ఇరవై మందిలో ఉండి ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటకపోతే డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. దేశం మొత్తం మీద ఏటా 82 వేల మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకే. ఇక్కడో జాగ్రత్త, రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లు దీనికి పనికిరారు, ఏదో ఒకటే. ఈ ముక్క తెలీక రెండిటికీ పెట్టేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లని చూశాను. ముందు లెక్క వేసుకుని, మన కాలేజీ ఫీజు ఎంత, ఏది తీసుకుంటే లాభం అని చూసుకుని అప్పుడు పెట్టాలి. ఒకసారి వచ్చాక కూడా ఏటా రెన్యువల్ చేసుకోవాలి, 75 శాతం అటెండెన్స్, 50 శాతం మార్కులు ఉండాలి.

అప్లికేషన్ పెట్టేశాం కదా అయిపోయింది అనుకుంటారు, కాదండి, అసలు కథ అక్కడే మొదలవుద్ది. కాలేజీలో నోడల్ ఆఫీసర్ అని ఒకరు ఉంటారు, ఆయన తన లాగిన్‌లోకెళ్లి వెరిఫై చేస్తేనే ఫైలు పైకి కదుల్తుంది. ఒక కాలేజీలో, పేరొద్దులెండి, ఆ లాగిన్ ఉన్న సార్ బదిలీ అయ్యారు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు, తేదీ దాటిపోయింది, ఆ సంవత్సరం ఆ కాలేజీ నుంచి పెట్టిన పిల్లలందరివీ పోయాయి. పిల్లలొచ్చి నన్ను అడుగుతారు, ‘అంకుల్ మీరు సబ్మిట్ చేశారు కదా’ అని. చేశాను నాయనా, రసీదు కూడా ఇచ్చాను.

బ్యాంకు సంగతి మరీ విచిత్రం. డబ్బులు మనం ఫారంలో రాసిన అకౌంట్‌లో కాదు, ఆధార్‌కి చివరగా ఏ అకౌంట్ లింక్ అయ్యుందో దాంట్లో పడతాయి. ఒక కుర్రాడు ఎనిమిది నెలలు ‘నాకు రాలేదు’ అని తిరిగాడు, చూస్తే ఎప్పుడో సిమ్ తీసుకున్నప్పుడు తెరిచిన అకౌంట్‌లో పడి కూర్చున్నాయి, ఆ సిమ్ కూడా ఇప్పుడు లేదు. కాబట్టి అప్లై చేసేముందు బ్యాంకుకెళ్లి ఆధార్ సీడింగ్ ఏ అకౌంట్‌కి ఉందో అడగమని ప్రతి ఒక్కరికీ చెప్తున్నా.

మా తప్పు కూడా ఉందండి, దాచుకోడం ఎందుకు. మాలాంటి సెంటర్లలో కొందరు త్వరగా అయిపోవాలని ఓటీపీకి తమ నంబరే పెట్టేస్తారు. తర్వాతి ఏడాది రెన్యువల్‌కి ఆ పిల్లాడికి ఓటీపీ రాదు, లాగిన్ అవ్వదు. నేనూ మొదట్లో రెండు మూడుసార్లు చేశాను, ఇప్పుడు పిల్లల సొంత నంబర్ లేకపోతే అమ్మానాన్నల నంబర్ పెట్టి, ఆ నంబర్ మార్చొద్దని కాయితం మీద రాసి ఇస్తున్నా. ఈమధ్య ఇంకో రకం మోసం, రిజిస్ట్రేషన్ ఫీజు 499 కట్టండి, స్కాలర్‌షిప్ గ్యారంటీ అని మెసేజీలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లికేషన్‌కి రూపాయి ఫీజు లేదు, మాకిచ్చేది మా టైపింగ్‌కీ ప్రింట్‌కీ మాత్రమే.

ఇందాక తేదీ దాటిపోయిన సంగతి చెప్పాను కదా, ఆలస్యం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. సి.ఆర్.రావు గారని స్టాటిస్టిక్స్‌లో ప్రపంచమంతా పేరున్న మనిషి, 2023లో 102 ఏళ్ల వయసులో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, ఆ ఏడాదే పోయారు. ఆయన ఇంటర్ చదివింది మన ఏవీఎన్ కాలేజీలోనే. అప్పుడు ఆయనకి చంద్రశేఖర అయ్యర్ స్కాలర్‌షిప్ వచ్చింది.  సరే, రావు గారు తర్వాత ఇక్కడే ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చేసి రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి పెడితే, అప్లికేషన్ లేటుగా వచ్చిందని తిప్పి పంపేశారట. ఆయన ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్లి, అది రాక, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలుసుకుని 1941 జనవరిలో చేరారు. ఆయనకి అలా కలిసొచ్చింది. మా షాపుకొచ్చే పిల్ల తేదీ మిస్సయితే కలకత్తా వెళ్లదండి, జగదాంబ దగ్గర బట్టల షాపులో సేల్స్‌కి చేరుద్ది.

అన్నట్టు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికీ ట్యూషన్ ఫీజు లేదు, పైగా బీస్టాట్, అంటే స్టాటిస్టిక్స్ డిగ్రీ చదివే పిల్లలకి నెలకి 5 వేలు స్టైపెండ్ ఇస్తారు. ఎంట్రన్స్ రాయాలి, కష్టమే. కానీ మన దగ్గర ఎంపీసీ చదివిన పిల్లల్లో ఎంతమంది ఆ పేరు విన్నారో మీరే ఒక రిపోర్టర్‌ని పంపి అడిగించండి.

డబ్బు కన్నా విలువైనవి వేసవి ఫెలోషిప్‌లు. బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలో ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), ప్రయాగ్‌రాజ్‌లో నాసి (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్), ఈ మూడు అకాడమీలు కలిసి పిల్లల్ని రెండు నెలలు ఒక సైంటిస్ట్ ల్యాబ్‌కి పంపిస్తాయి, స్టైపెండ్ ఇస్తాయి. దీనికి ఏం నేర్చుకుందామనుకుంటున్నారో కాస్త రాయాలి, లెక్చరర్ ఒకరు రికమెండేషన్ ఇవ్వాలి. వేసవి ఫెలోషిప్‌కి అప్లికేషన్ చలికాలంలోనే, ముందు ఏడాది నవంబర్ ఆ ప్రాంతంలోనే అయిపోద్ది, మన పిల్లలు ఏప్రిల్‌లో వచ్చి అడుగుతారు. ప్రాజెక్ట్ అంటే ఎక్కడో దూరమే అక్కర్లేదు కూడా, లాసన్స్ బే కాలనీలో ఎన్‌ఐఓ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషనోగ్రఫీ) రీజినల్ సెంటర్ ఉంది, సముద్రం మీద రీసెర్చ్ చేస్తారు. బీచ్‌కెళ్లి సెల్ఫీలు తీసుకునే పిల్లలకి అదే రోడ్డు పక్కన అలాంటిది ఉందనే తెలీదు.

పీజీ దాటాక సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకి 37 వేలు, 2023 జనవరి నుంచి ఆ రేటు. జియాలజీ, జియోఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేరినవాళ్లకి ఓఎన్‌జీసీ స్కాలర్‌షిప్ ఏడాదికి 48 వేలు ఉంది, ఆదాయం, కేటగిరీ షరతులతో. మన యూనివర్సిటీలో ఆ రెండు సబ్జెక్టులూ ఉన్నాయి కాబట్టి చెప్తున్నా. రిలయన్స్ ఫౌండేషన్ వాళ్ల స్కాలర్‌షిప్ డిగ్రీ ఫస్టియర్ పిల్లలకే, ఆప్టిట్యూడ్ టెస్ట్ పెట్టి, డిగ్రీ మొత్తానికి రెండు లక్షల దాకా.

ఇప్పుడు నేను మీకు చెప్పొచ్చేది ఒక్కటే. వారానికి ఒక్కసారి, జిల్లా పేజీలో, సినిమా టైమింగ్స్ వేసేంత జాగా చాలు. రేపు మూసేసేది కాదు, వచ్చే రెండు నెలల్లో తెరిచేది వేయండి. పేరు, ఎవరికి, ఏ సంవత్సరంలో ఉన్నవాళ్లకి, ముందే తీసిపెట్టుకోవాల్సిన కాయితాలేంటి, ఈ నాలుగే. టాపర్ ఫొటో వేసినప్పుడు దాని కిందే ఇన్‌స్పైర్ గురించి రెండు లైన్లు వేస్తే ఇంకా మంచిది, ఆ ఫొటో చూసుకోడానికి పేపర్ కొనేది ఆ పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలే కదా. ‘మా పాఠకుల్లో బీఎస్సీ వాళ్లు ఎంతమంది’ అనుకోకండి, మీ పేపర్ చదివేది వాళ్ల నాన్నలు, కంచరపాలెంలో టీ కొట్టు దగ్గర.

మీరు వేస్తే ప్రతి వారం కటింగ్ తీసి మా షాపు అద్దం మీద అంటిస్తాను. ఇప్పుడు అక్కడ లామినేషన్ రేట్లు ఉన్నాయి, అవి కిందకి జరిపేస్తా.

ఇట్లు,
మద్దిలపాలెం నెట్ సెంటర్ పాఠకుడు,
విశాఖపట్నం