గాల్‌బ్లాడర్ తీశాక జన్మంతా చప్పిడి కూడు దేనికి?

సంపాదకులకు,

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయించుకున్నవారి డిశ్చార్జి కాగితంలో ఆహారం గురించి తరచూ ఒకే ముక్క ఉంటుంది: 'నూనె లేని భోజనం'. ఎన్నాళ్లో ఉండదు. రెండు మూడు వారాలు పాటించాల్సిన జాగ్రత్త అలా ఏళ్ల తరబడి పథ్యమైపోతోంది.

కొవ్వును అరిగించడానికి తోడ్పడే పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం, రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా. గాల్‌బ్లాడర్ దాన్ని నిల్వ చేసి చిక్కబరిచే తిత్తి మాత్రమే. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు. నూనె, నెయ్యి పేగులోకి దిగినప్పుడు ముడుచుకుని ఆ చిక్కటి రసాన్ని వదులుతుంది. తిత్తి పోయాక రసం పల్చగా, సన్నధారగా నేరుగా చిన్నపేగులోకి కారుతూనే ఉంటుంది. (తిత్తి లేకపోతే పైత్యం తలకెక్కుతుందని భయపడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఎక్కదు.) అందుకే కూరలో ఒకటి రెండు చెంచాల నూనె చాలామందికి ఇబ్బంది పెట్టదు. ఒకే పూట నాలుగు గారెలు, పైన బిర్యానీ అంటే మాత్రం అంత కొవ్వుకు తగిన రసం ఒక్కసారిగా అందక ఉబ్బరం, విరేచనాలు రావచ్చు. నూనెను మూడు పూటలకూ పంచుకోవాలి. పూర్తిగా మానేస్తే ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి సరిగా పట్టవు.

ల్యాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) తర్వాత భుజం నొప్పి పుడితే గుండె అనుకుని హడలిపోతారు. పొట్ట ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పొట్టకూ ఛాతీకీ మధ్యనున్న పొర చిరాకు పడటమే సాధారణంగా దీనికి కారణం. లేచి నడుస్తుంటే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం గ్యాసేలే అని ఊరుకోకూడదు.

ఎక్కువగా వేధించేది టిఫిన్ తినగానే బాత్‌రూమ్‌కి పరుగు. పైత్యరసంలో ఉండే పైత్య లవణాల్లో 95 శాతం దాకా చిన్నపేగు చివర తిరిగి రక్తంలోకి ఇంకి కాలేయానికి చేరతాయి. ధార ఆగకపోవడంతో కొందరిలో మిగులు పెద్దపేగులోకి జారి అక్కడ నీరు ఊరేలా చేస్తుంది. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. ఈలోగా పరగడుపు కాఫీ ఆపి, వేపుళ్లు తగ్గించి, ఓట్స్, అరటిపండు, నీళ్లలో చెంచాడు ఇసబ్‌గోల్ తీసుకుంటే విరేచనం గట్టిపడుతుంది. తగ్గకపోతే డాక్టరు కొలెస్టిరమిన్ పొడి రాస్తారు. అది పైత్య లవణాలను పట్టేస్తుంది. దీనికి బదులు నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగి లాభం లేదు. ఒక మెలిక: ఆ పొడి ఇతర మందులనూ పట్టేస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక కనీసం నాలుగు గంటలు ఆగి పొడి తాగాలి.

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో, మలం సుద్దలా తెల్లగా రావడం, చలిజ్వరం, రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి — వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి రోజుల్లోనైతే పైత్యరసం లీకవుతుండవచ్చు. నెలలు, ఏళ్లు గడిచాకైనా కాలేయం నుంచి పేగుకు రసాన్ని చేర్చే పైత్యనాళంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. 'తిత్తే తీసేశారుగా, రాయెక్కడిది' అని పసరు మందుకు పరిగెత్తేవాళ్లే ప్రమాదంలో పడుతున్నారు.

ఇదంతా తెలుగులో అర పేజీకి సరిపోతుంది. డిశ్చార్జి కాగితానికి ఆ అర పేజీ జతచేసి, నూనె ఎన్ని వారాలు తగ్గించాలో అంకె వేసి ఇవ్వాలని ఆసుపత్రులను కోరుతున్నాం.

— ఒక ల్యాప్రోస్కోపిక్ సర్జన్, ఒక డైటీషియన్, గుంటూరు