మట్టి మూటగట్టుకున్న విలేకరి

సంపాదకులకు,

శత్రుదేశంలోకి వేషం మార్చుకుని వెళ్ళి వార్తలు తెచ్చే విలేకరుల సాహసాన్ని మెచ్చుకుంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. వ్యాసమంతా వెళ్ళినవాళ్ళ గుండెధైర్యం గురించే. వాళ్ళను బండెక్కించుకున్న డ్రైవరు, మాట తర్జుమా చేసిన దుబాసీ, రాత్రికి చోటిచ్చిన ఇల్లు గురించి ఒక్క వాక్యం లేదు. విలేకరి దొరికిపోతే అతని కోసం అడగడానికి ఒక రాయబార కార్యాలయం ఉంటుంది, రోజూ అతని ఫొటో వేసే పత్రిక ఉంటుంది. సాయం చేసినవాళ్ళకు ఇవేవీ ఉండవు. పైగా వాళ్ళు అక్కడే బతకాలి.

లండన్ అబ్జర్వర్‌కు రాసే ఫర్జాద్ బజోఫ్త్ 1989లో ఇరాక్ వెళ్ళాడు. బాగ్దాద్‌కు దక్షిణాన ఒక సైనిక కేంద్రంలో పెద్ద పేలుడు జరిగిందని విని అక్కడికి చేరి ఫొటోలు తీశాడు, మట్టి కూడా మూటగట్టుకున్నాడు. ఆ మట్టినే గూఢచర్యానికి సాక్ష్యంగా చూపించారు. తలుపులు మూసి విచారణ చేసి 1990 మార్చి 15న ఉరితీశారు. సద్దాం ప్రభుత్వం అన్నట్టు అతను గూఢచారి అని మేం నమ్మడం లేదు. అయితే కారు నడిపిన పాపానికి బ్రిటిష్ నర్సు డాఫ్నీ పారిష్‌కు 15 ఏళ్ళ జైలు వేశారన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఆమెను ఆ జూలైలో వదిలేశారు కాబట్టి సరిపోయింది. అదే నడిపింది ఇరాకీ డ్రైవరయితే?

భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గని పక్క చెరువు నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకు పంపితే అది మంచి రిపోర్టింగే. అదే పని శత్రుదేశపు సైనిక స్థావరం దగ్గర చేస్తే అర్థం మారిపోతుంది. 1907 నాటి హేగ్ యుద్ధ నిబంధనల 29వ అధికరణం గూఢచారి ఎవరో చెబుతుంది: యుద్ధరంగంలో రహస్యంగానో, అబద్ధపు నెపంతోనో సమాచారం సేకరించి అవతలి పక్షానికి చేరవేయాలనుకునేవాడు. దాక్కోవడం ఒక్కటే చాలదు, ఎవరికి ఇవ్వబోతున్నాడన్నదీ తేలాలి. పాఠకుడి కోసమే వెళ్ళినవాడి దగ్గర పాఠకుడికి పనికిరాని వస్తువులు, అంటే మట్టి, అక్షాంశ రేఖాంశాలు, గేటు దగ్గర కాపలా మారే వేళల పట్టీ దొరికితే విలేకరికీ గూఢచారికీ ఉన్న ఆ తేడా కోర్టులో నిలబడదు.

1977 నాటి జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్ 79వ అధికరణం ప్రకారం యుద్ధంలో విలేకరి పౌరుడే, ఆ హోదాకు భంగం కలిగించే పని చేయనంత వరకు. ఆ ప్రోటోకాల్‌ను భారత్, పాకిస్తాన్ రెండూ ఆమోదించలేదు. ఇక యుద్ధం లేని రోజుల్లో అక్కడి దేశీయ చట్టమే దిక్కు. విచిత్రమేమంటే వాఘాకు రెండు వైపులా ఉన్నది బ్రిటిష్‌వాడు వదిలిపోయిన ఒకే చట్టం, 1923 అధికార రహస్యాల చట్టం. మన ప్రతిలో 3వ సెక్షన్ చూడండి. దురుద్దేశాన్ని చూపే ఫలానా పని చేశాడని నిరూపించనక్కర్లేదు, పరిస్థితులను బట్టీ మనిషి నడవడిని బట్టీ దాన్ని ఊహించవచ్చు. రక్షణ స్థావరాల విషయమైతే 14 ఏళ్ళ దాకా శిక్ష. వీసా దరఖాస్తులో వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాసి వెళ్ళినవాడు, ఆ ఊహకు తన చేత్తోనే పునాది వేసినట్టు.

రాజమార్గం మూసుకుపోతోందన్నదీ నిజమే. 2014 మేలో ఇస్లామాబాద్‌లోని ఇద్దరు భారత విలేకరులను పొమ్మన్నారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత అట్టారీ గేటే మూతపడింది. అందుకే మారువేషం ఎప్పటికీ వద్దనడం లేదు. బర్మాలో 2007లో భిక్షువుల మీద కాల్పులు లోకానికి తెలిసింది చాటుగా తీసిన వీడియోల వల్లే. అడగాల్సింది, వేరే దారి లేదా, తెలిసి వచ్చేదానికి అంత విలువ ఉందా అని. ఆ తర్వాత, సాయపడేవాళ్ళకు సంగతి పూర్తిగా తెలుసా అని. బీబీసీ 2013లో లండన్ విద్యార్థుల బృందంతో కలిపి విలేకరిని ఉత్తర కొరియా పంపింది. ముప్పు గురించి విద్యార్థులకు సరిగ్గా చెప్పలేదని ఏడాది తర్వాత, బీబీసీని అప్పట్లో పర్యవేక్షించిన బీబీసీ ట్రస్టే తప్పుపట్టింది, క్షమాపణ చెప్పింది.

మా దృష్టిలో కొన్ని వేషాలు అసలే వేయకూడదు: డాక్టరు, నర్సు, సహాయ సంస్థ మనిషి. బిన్ లాడెన్ ఆచూకీ కోసం అబోటాబాద్‌లో సీఐఏ దొంగ టీకాల శిబిరం నడిపించిందని 2011లో బయటపడ్డాక పాకిస్తాన్‌లో నిజం టీకాలు వేసే ఆడవాళ్ళ మీద అనుమానం, కాల్పులు పెరిగాయి. విలేకరి వేషం సంగతీ అంతే. 2001 సెప్టెంబరు 9న అఫ్గాన్ నాయకుడు అహ్మద్ షా మసూద్‌ను చంపినవాళ్ళు టీవీవాళ్ళమని చెప్పి దగ్గరికి చేరారు. ఆ తర్వాత ఏ చెక్‌పోస్టులో కెమెరా తెరిచినా కాపలావాడికి చెయ్యి ట్రిగ్గరు మీదికే పోతుంది, వాణ్ణి తప్పుపట్టలేం.

తిరిగొచ్చాక జరిగే తప్పులే ఎక్కువ, అవి డెస్కులో జరుగుతాయి. మొహం మసకబార్చి గొంతు అలాగే వదిలేస్తారు. నాలుగు మాటలు వింటే ఇది జనగామ మాటో మంచిర్యాల మాటో మనం చెప్పేయమా? అక్కడివాళ్ళూ చెప్పేస్తారు. గొంతు స్థాయి మార్చినా వెనక్కి తిప్పవచ్చు, కాబట్టి వేరే మనిషితో చదివించాలి. గోడ మీది క్యాలెండరు, కిటికీ ఊచలు, ఫొటో ఫైల్లో దాగిన జీపీఎస్ గుర్తు, అన్నీ తీసేయాలి. సాయం చేసిన ఆఖరి మనిషి సురక్షితంగా ఉన్నాడని తెలిసేదాకా అచ్చు ఆపాలి. పక్క పత్రిక ముందు వేస్తే వేయనీ.

ఇదంతా ఎక్కడో ముచ్చట అనుకోవద్దు. గోదావరి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్. అక్కడి విలేకరి సాయిరెడ్డిని మావోయిస్టుల మనిషని పోలీసులు జైల్లో పెట్టారు. 2013 డిసెంబరులో ఆయన్ను చంపింది మావోయిస్టులు.

స్టింగ్ వార్త వేసే ముందు ఏ దశలో ఏం జరిగిందో రాతలో ఉండాలని, నిర్ణయం సంపాదకుడే తీసుకోవాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. సరిహద్దు దాటే పనికి మీ పత్రికలో అలాంటి కాగితం ఉంటే ఈ శీర్షికలోనే అచ్చేయండి. డ్రైవరు జైలుకు పోతే లాయరు ఫీజు ఎవరు కడతారో అందులో ఉందా? జీతం లేని కంట్రిబ్యూటరుకు అది వర్తిస్తుందా?

— పత్రికా రచన బోధించే ఇద్దరు పాఠకులు, హనుమకొండ