వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించునది

సభ్యులందరికీ నమస్కారములు.

తోటలో తిరిగే మన నమూనా రైళ్లను పట్టాలకు కరెంటు ఇచ్చి నడిపినన్నాళ్లూ ఇంగ్లండు వానలకు ఇత్తడి పట్టాలు నల్లబడి, ప్రతి ఆదివారం గంటసేపు రుద్దితే గాని బండి కదిలేది కాదన్నది మనందరికీ అనుభవమే. గత సమావేశ తీర్మానం మేరకు ఈ ఏడాది పట్టాల మధ్య 45 మి.మీ. ఎడమున్న మన లైను మీది మూడు ఇంజిన్లనూ బ్యాటరీకి, రేడియో కంట్రోలుకు మార్చాము.

ఒక్కొక్క ఇంజినుకు విడిగా సామగ్రి కొనే స్తోమత మనకు లేదు కనుక, ఒక మూత వ్యాగనులోనే 3.7 వోల్టుల లిథియం సెల్లులు మూడింటిని వరుసగా కలిపిన 11.1 వోల్టుల ప్యాకును, దాని రక్షణ సర్క్యూటును, ఫ్యూజును, 2.4 గిగాహెర్ట్జ్ రిసీవరును, స్పీడ్ కంట్రోలరును అమర్చి, రెండు పిన్నుల ప్లగ్గుతో ఏ ఇంజినుకైనా తగిలించేలా చేశాము. చక్రాల నుంచి మోటారుకు వెళ్లే పాత తీగలను ముందుగా తెంచాలి. ఒక ఇంజినులో అది మరచిపోయాము. బ్యాటరీ కరెంటు చక్రాల గుండా పట్టాలలోకి దిగింది, పట్టా తిరిగి తనతోనే కలిసే లూపు మలుపులో షార్టయి ఫ్యూజు పోయింది. చౌకగా వచ్చిందని మొదట పెట్టిన బొమ్మ కారు కంట్రోలరు కూడా పనికిరాలేదు. మీట వెనక్కి లాగితే మొదటిసారి బ్రేకు, రెండోసారి రివర్సు. స్టేషనులో ఆపబోయిన బండి వెనక్కి ఉరికి వెదురు కంచెను గుద్దుకుంది. ఆ పొరపాటు కార్యదర్శిదే.

ఉగాదినాటి ప్రదర్శన ఈ ఏటి ఘనత. 1:22.5 కొలతలో (అసలులో 22.5వ వంతు) మీటరు గేజికి, అంటే పట్టాల మధ్య మీటరు ఎడానికి, 45 మి.మీ. దాదాపు సరిపోతుంది కనుక, మన సభ్యులు ప్లాస్టిక్ షీటుతో కట్టిన వైడీఎం-4 అనే మీటరు గేజి డీజిలు ఇంజిను నమూనాకు నాలుగు పెట్టెలు తగిలించి, స్టేషనుకు 'గుంతకల్లు' అని బోర్డు పెట్టాము. తుంపర పడుతున్నా, తడి ఆకులు పట్టాల మీద అంటుకున్నా, బండి రెండు గంటలు ఆగకుండా తిరిగింది. ఒకప్పుడు గుంటూరు నుంచి మీటరు గేజిలో నల్లమల దాటి వచ్చిన ఒక పెద్దాయన గొడుగు కింద వంగి చూస్తూ, "నంద్యాల ఎప్పుడొస్తుందయ్యా?" అని అడిగారు.

తోట ఇచ్చిన దంపతులకు, వందమందికి పులిహోర కలిపిన తల్లులకు, టంకం పనంతా ఒంటిచేత్తో చేసిన సభ్యునికి, పెట్టెలకు రంగు వేసిన పిల్లలకు, గొడుగులు పట్టిన వారికి, కారులో పట్టాలు మోసిన వారికి మన కృతజ్ఞతలు. పట్టాలు పరచడానికి పన్నెండుమంది పేర్లిచ్చారు, వచ్చినవారు ముగ్గురు. ప్రదర్శన స్థలం అనుమతికి మూడు ఉత్తరాలు రాయగా, సంబంధిత కార్యాలయం నుంచి జవాబు రెండు రోజుల ముందు వచ్చింది.

జమాఖర్చుల పట్టిక జతపరిచాము. లోటు లేదు, మిగులు స్వల్పం.

వచ్చే ఏడాదికి రెండో బ్యాటరీ వ్యాగను కట్టదలచాము. ప్రదర్శనకు ముందురోజు రాత్రి ప్యాకును ఛార్జింగులో పెట్టి, పూర్తయ్యేదాకా దగ్గరుండి చూసే బాధ్యతకు ఇద్దరు కావాలి. పేరిచ్చేవారు ఫోను ఎత్తేవారై ఉండాలని మనవి.

కార్యదర్శి