సద్రా వేరు, జాదే వేరు

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఫజీ లాజిక్ (అవును, కాదులకి మధ్య ఉండే మెట్లని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) మీద వ్యాసం చదివాను, బాగానే ఉంది గానీ చివర్లో సూఫీలు ఎప్పుడో చెప్పేసిందాన్నే ఆ పద్ధతి కనిపెట్టిన లోత్ఫీ జాదే లెక్కల్లో పెట్టాడన్నట్టు తేల్చేశారు చూడండి, అక్కడే నా పేచీ.

పోలిక లేదనను. తత్వవేత్త ఇబ్న్ సీనా కాలం నుంచే తష్కీక్ అనే మాట ఉంది, అంటే ఒకే గుణం ఒకచోట ఎక్కువగా ఇంకోచోట తక్కువగా ఉండటం, మంచూ తెలుపే ఏనుగు దంతమూ తెలుపే, కానీ రెండూ ఒకటే తెలుపా? కాదుగా. 17వ శతాబ్దంలో ఇరాన్‌లోని షిరాజ్ ఊరి తత్వవేత్త ముల్లా సద్రా, సూఫీల ప్రభావం ఉన్నవాడే, దీన్ని ఏకంగా ఉనికికే అన్వయించాడు, గుడ్డిదీపమూ వెలుగే ఎండా వెలుగే, వాటి మధ్య తేడా కూడా వెలుగులోనే ఉంది తప్ప బయట్నుంచి ఇంకేదో వచ్చి కలవలేదు, ఉండటం కూడా అంతే అన్నాడు. 1965లో జాదే రాసింది వేరు. "పొడుగు మనుషులు" అనే గుంపులో ఒకడు 0కీ 1కీ మధ్య ఎంత, 0.7 ఆ, 0.4 ఆ అని. ఆ 0.7 మనం వాడే మాటకి కొలత, ఆ మనిషి మాత్రం పూర్తిగానే ఉన్నాడు కదా! పైగా ఏ మాటైనా నిజమో అబద్ధమో, మధ్యలో ఇంకోటి లేదనే అరిస్టాటిల్ లాజిక్‌ని సద్రా వదిలిపెట్టలేదు.

నన్నడిగితే పోలిక సహరీ దగ్గర, అంటే రంజాన్ ఉపవాసం మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినే తిండి దగ్గర వెతకాలి. తెల్లవారుజామున నల్లదారం నుంచి తెల్లదారం విడిగా తెలిసేదాకా తినండి తాగండి అని ఖురాన్ 2:187లో ఉంది. తెల్లారేది మెల్లగా, తినడం ఆపాల్సింది మాత్రం ఒక్క క్షణంలో. మా నానమ్మ గ్లాసుడు నీళ్ళతో డాబా ఎక్కి తూర్పుకేసి చూస్తూ ఉండేది, మసీదు మైకులో టైమైపోయిందని చెప్తున్నా "ఇంకా మసగ్గానే ఉంది రా" అని ఇంకో గుక్క తాగేసేది. ఇప్పుడు మా ఇంట్లో గోడకి టైమింగ్స్ కార్డు, 4.38 అంటే 4.38. ఫజీ వాషింగ్ మెషినూ ఇదే పని చేస్తుంది, మురికి "కొంచెం", "బాగా" అని లోపల ఎన్ని లెక్కలేసుకున్నా చివరికి మోటార్‌కి ఒకే అంకె చెప్పాలి, ఇన్ని నిమిషాలు తిప్పు అని. దీన్నే డీఫజిఫికేషన్ అంటారు, మీ వ్యాసంలో అసలు ఆ ఊసే లేదు.

ఇంకోటి, మీరు రాసినట్టు జాదే పుట్టింది టెహ్రాన్‌లో కాదండీ, 1921లో బాకూలో, పదేళ్ళప్పుడు టెహ్రాన్ వెళ్ళాడు. వీలైతే సవరణ వెయ్యండి.

- ఒక పాఠకుడు, గుంటూరు