మా ఓట్లకు సగం లైనా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో కవిత గారి రాజకీయ ప్రస్థానమంటూ పేజీ నిండా వేశారు. పసుపు తవ్వకాల్లో పడి నిన్న రాత్రి గానీ చదవలేదు. జాగృతి, బతుకమ్మలు, 2014లో లక్షా 67 వేల మెజారిటీ, తీహార్ జైలు, 2025 సెప్టెంబరులో సొంత పార్టీయే సస్పెండ్ చేస్తే మర్నాడే ఎమ్మెల్సీకి రాజీనామా, అన్నీ ఉన్నాయి. 2019 దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మోదీ గాలిలో ఓటమి’ అని సగం లైనుతో దాటేశారు.

గాలి కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో వీచిందేమో. మా నిజామాబాద్‌లో ఎంపీ సీటుకు నిలబడ్డది 185 మంది, అందులో 178 మంది రైతులు. తలా 25 వేల డిపాజిట్, ఊళ్లల్లో చందాలేసుకుని కట్టినం. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇయ్యమని ఆర్మూర్‌లో రోడ్డు మీద కూర్చుంటే 144 సెక్షన్ పెట్టారు, అందుకే పోటీకి దిగినం. పసుపు బోర్డు కోసం కవిత గారు ఢిల్లీలో తిరగలేదని నేననను, తిరిగారు. కానీ ముఖ్యమంత్రి బిడ్డే మా ఎంపీ అయినప్పుడు ధర సంగతి ఇంట్లో అన్నం తినేటప్పుడు చెప్పినా అయ్యేది కదా!

పోలింగ్ రోజు బూత్‌లో పన్నెండు ఓటింగ్ మిషన్లు, ఎల్ ఆకారంలో బల్లలేసి పేర్చారు. మా ఊరి రైతుకు బెండకాయ గుర్తు. మా అమ్మ కళ్లద్దాలు సర్దుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి వెతుక్కుంటూ పోయింది. ‘లోపలే పండుకున్నవా అవ్వా’ అని లైన్లో ఒకటే నవ్వులు. కవిత గారు ఓడింది 70,875 ఓట్లతో. మీ వ్యాసంలో ‘కేసీఆర్ కూతురు’, ‘కేటీఆర్ చెల్లెలు’ కలిపి పదకొండుసార్లు ఉన్నాయి, లెక్కపెట్టాను. ‘పసుపు’ ఒక్కసారి లేదు.

గెలిచిన బీజేపీ అరవింద్ గారు తక్కువ తిన్నారా? ఐదు రోజుల్లో బోర్డు అని బాండు పేపరు రాసిచ్చారు. 2020లో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ ఆఫీసుతో సరిపెట్టారు. అసలు బోర్డు 2025 సంక్రాంతికి గానీ మొదలు కాలేదు. ఆ ఐదు రోజులు చాలా పొడుగువి లెండి. బోర్డు వచ్చాక కూడా పోయిన సీజన్లో మార్కెట్లో నా బస్తాలు విప్పి తేమ ఉందన్నారు, కొమ్ము సన్నమన్నారు. పొద్దున పలికిన ధర ఒకటి, సాయంత్రం తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, రాసింది ఇంకొకటి. అడిగితే వ్యాపారి ‘ఇష్టముంటే అమ్ము, లేకుంటే ఎత్తుకపో’ అన్నాడు. ఎవరికి చెప్పుకోవాలి? ఫిర్యాదు తీసుకునే సారు మీటింగులో ఉంటాడు, ఎప్పుడు పోయినా.

ఆ సగం లైను దిద్ది వేయండి. ఇంకో మాట, మీ జిల్లా పేజీలో పసుపు ధరల పట్టిక మూడు రోజుల పాతది వస్తున్నది. దాన్ని చూసే నేను ఆ రోజు బస్తాలు ఎత్తించిన.

— ఒక పసుపు రైతు, ఆర్మూర్ మండలం, నిజామాబాద్ జిల్లా