గట్ల మీది సైకిలు దారులు: సభ్యులకు సంఘం వార్షిక నివేదిక

ఈ ఏడాది సంఘం ప్రధానంగా చేసిన పని దారుల పట్టికను తిరగరాయడం. పాత పట్టికలో ఏ దారి ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ టీ దొరుకుతుంది అన్నంతవరకే ఉండేది. గోదావరి డెల్టాలో అది చాలదు. ఇక్కడ రోడ్డు మీద బండ్లు ఉండేదీ లేనిదీ కాలువలో నీరు, చేలో పైరు తేలుస్తాయి. ఫిబ్రవరిలో పిల్లల్ని వెంటబెట్టుకుని తొక్కగలిగిన గట్టే మే నెలలో టిప్పర్లతో కిక్కిరిసిపోతుంది. అందుకే కొత్త పట్టికలో ప్రతి దారి పక్కనా నెలలు రాశాం. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

ఏ నెలలో ఏ దారి

సార్వా (వానాకాలపు తొలి పంట) నాట్ల ముందు, జూన్, జూలైలో, దమ్ము చక్రాల ట్రాక్టర్లు తారు రోడ్డెక్కుతాయి. ఎక్కకూడదని అందరికీ తెలుసు, అయినా ఎక్కుతాయి. ఇనుప పళ్లు తారు మీద వేసిన గాట్లలో వాననీరు నిలిచి, కొన్నాళ్లకే గుంతలు తేలతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో చేల పనులు తగ్గి లోపలి రోడ్లు ఖాళీ అవుతాయి గానీ అప్పుడు గోదావరి సంగతి చూసుకోవాలి. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా సార్వా కోతలు, ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) కోతలు. ఈ రెండు కాలాల్లోనూ సగం రోడ్డు ధాన్యం కళ్లమే. ఆరబోసిన ధాన్యం మీదుగా తొక్కవద్దు. అది రైతు కష్టం, పైగా గింజల మీద బ్రేకు పట్టదు, ముందు చక్రం జారుతుంది. బరకాలు ఎగరకుండా పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు కాబట్టి కోతల రోజుల్లో తెల్లవారకముందు బయలుదేరే అలవాటు మానాలి.

మిగిలింది సంక్రాంతి వెళ్లాక మార్చి ఆఖరు దాకా. మన డెల్టాకు అసలైన సైకిలు కాలం అదే. జనవరిలో పొగమంచు విడిచేదాకా ఆగితే చాలు. అందులోనూ కొన్ని రోజులు తీసేయాలి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, శనివారాల్లో వాడపల్లి వెళ్లే జనం. ఆత్రేయపురం వైపు గట్టు శనివారం నాడు సైకిలుకు చోటివ్వదు, ఆదివారం పొద్దున అదే గట్టు మీద మేకలు తప్ప ఎవరూ ఉండరు.

కాలువలు కట్టేసినప్పుడు

సభ్యులకు గట్టిగా చెప్పవలసిన విషయం ఇది. దాళ్వాకు నీరు సరిపోయాక కాలువలు కట్టేస్తారు. జూన్‌లో మళ్లీ వదిలేదాకా పూడికతీత పనులు నడుస్తాయి. పొక్లెయిన్ తీసిన బురదను గట్టు మీదే పోస్తారు, అది ఎండి గట్టిపడితే చక్రాన్ని పక్కకు తోసేస్తుంది. అంతకన్నా ప్రమాదం పగుళ్లు. కాలువ నిండుగా ఉన్నప్పుడు నీటి ఒత్తిడి గట్టు లోపలి వాలుకు ఆసరా ఇస్తుంది. నీరు దిగిపోగానే ఆ ఆసరా పోతుంది, తడిసిన మట్టి తన బరువుకే కాలువలోకి కుంగుతుంది. పైనేమో ఎండకు నల్లమట్టి ముడుచుకుంటుంది. రెండూ కలిసి కాలువ వైపు అంచుకు కాస్త లోపలగా, రోడ్డు పొడుగునా, పగులు తీస్తాయి. అడ్డపు గుంతనైతే చక్రం ఎలాగో దాటేస్తుంది. పొడుగు పగుల్లో దిగితే అంత తేలిగ్గా బయటికి రాదు. హ్యాండిల్ తిప్పినకొద్దీ టైరు పగులు అంచుకు ఒరుసుకుంటుంది, మనిషి పక్కకు ఒరుగుతాడు. పక్కన ఉన్నది ఎండిన కాలువ.

రెండు వేళ్లు పక్కపక్కన దూరేంత పగులు, అంటే సుమారు 3 సెంటీమీటర్లు, కనిపిస్తే ఆ గట్టును ఆ వేసవికి మూసినట్టే లెక్క. అంతకు తక్కువైతే చేను వైపు అంచున, ఒకరి వెనక ఒకరుగా వెళ్లాలి. ఎండుగడ్డి పగుళ్లను కప్పేస్తుంది గనుక గడ్డి పరుచుకున్న చోట దిగి నడవడమే మేలు. బడులకు సెలవులిచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. పిల్లల శిక్షణను గట్ల మీద ఆపి ఊరి మైదానాలకు మార్చడానికి కారణం అదే.

పట్టికలో మొదటి దారి: బొబ్బర్లంక, లొల్ల

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలువలను సాగుకే కాక పడవలకూ తవ్వారు. పడవను తాడుతో లాగే మనుషులు నడవాలి కాబట్టి గట్టు ఎడతెగకుండా ఉంచారు. ఇవాళ మన సైకిలు సాగుతున్నది ఆ దారి మీదే. ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ మీద రద్దీ ఎక్కువ, దాన్ని పొద్దున్నే దాటేసి బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ గట్టు పట్టుకోవాలి. లొల్ల లాకుల దగ్గర నీటిమట్టంతోపాటు దారి కూడా కాస్త దిగుతుంది. ఈ ప్రాంతంలో పెడల్ ఆపి సైకిలును దానంతట అది పోనిచ్చే చోట్లు ఇలాంటివి కొన్నే.

ఎత్తుపల్లాలు లేకపోవడం కొత్తవాళ్లకు సుఖంగా తోస్తుంది గానీ, దిగుడు లేదంటే కాళ్లకూ సీటుకూ విశ్రాంతి లేదని అర్థం. తిమ్మిర్ల గురించి వచ్చిన ఫిర్యాదులన్నీ ఇందువల్లే. పావుగంటకోసారి సీటు మీంచి లేచి నాలుగు తొక్కులు తొక్కండి. సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడల్ కింద ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా రావాలి.

ఏటిగట్టు, లంకలు, రేవులు

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వస్తే లంకల్లోకి, అంటే నది మధ్య దీవుల్లోకి, వెళ్లే కార్యక్రమాలన్నీ రద్దు, విడిగా ప్రకటన ఉండదు. చాకలిపాలెం పక్కన కనకాయలంక కాజ్‌వే లాంటివి వరదలో మునిగిపోతాయి, వెళ్లినవారు అవతలే చిక్కుకుంటారు. నీరు తీసిన తరువాత కూడా తొందరపడకూడదు. రోడ్డు మీద ఒండ్రు పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల వెన్నలా ఉంటుంది. మూడో హెచ్చరిక దాటితే ఏటిగట్టు మీదికీ వెళ్లవద్దు. అక్కడ ఇసుక బస్తాలు మోసే వాళ్లకు మన సైకిళ్లు అడ్డం.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (బండ్లను రేవు దాటించే బల్లకట్టు పడవ) మీద సైకిలు ఎక్కించవచ్చు. ర్యాంపు మీద దిగి నడిపించండి, మోటారు సైకిళ్లు ఎక్కాక చివరగా ఎక్కండి. సైకిలును గొలుసు వైపు బయటికి ఉండేలా కమ్మీకి ఆనించి, బ్రేకు లీవరును రబ్బరు బ్యాండుతో బిగించండి.

కొల్లేరు వైపు, కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానికి శీతాకాలం మంచిది. దారిలో చేపల లారీల నుంచి కారిన నీరు మలుపుల్లో జారుడుగా ఉంటుంది. కోరింగ మడ అడవి చూడవలసిందే, కానీ కాకినాడ, యానాం మధ్య 216వ నంబరు జాతీయ రహదారి తప్పదు, లోపల చెక్క వంతెన నడకకే. కాబట్టి దాన్ని రద్దీ లేని దారుల్లో చేర్చలేదు.

మరమ్మతు శిబిరాలు

పంక్చర్లకు పెద్ద కారణం సర్కారు తుమ్మ ముళ్లు. ముల్లు విరిగి టైరులోనే ఉండిపోతుంది, ట్యూబు మార్చిన పావుగంటకే మళ్లీ గాలి పోతుంది. టైరు లోపలంతా పాత గుడ్డతో తుడవండి, ముల్లుంటే గుడ్డ పట్టుకుంటుంది. ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, మెరుపు పోయేదాకా ఆరనిచ్చి, అప్పుడే ప్యాచ్ నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తారు, అందుకే ఊడుతుంది.

గట్లకు 32 మి.మీ. టైరు సరిపోతుంది. 70 కిలోల మనిషికి టైరు గాలి ఒత్తిడి వెనక 60, ముందు 55 పీఎస్ఐ. ఊళ్లో కంప్రెసర్‌తో ప్రెస్టా వాల్వుకు (సన్నటి రకం వాల్వుకు) గాలి పట్టాలంటే ఇత్తడి అడాప్టరు కావాలి. కొద్దికొద్దిగా పట్టించండి, లారీ టైరుకు పట్టినట్టు పడితే క్షణంలో ట్యూబు పేలిపోతుంది.

కోనసీమలో కొబ్బరినూనెకు కరువు లేదు గానీ గొలుసుకు అది పనికిరాదు, జిగురై దుమ్ము పట్టేస్తుంది. కుట్టుమిషను నూనె మరీ పలచన, ఒక్క వానకు పోతుంది. అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగొచ్చిన రోజే గొలుసును మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గొలుసు నూనె వేయండి. అరిగిందో లేదో చూడటానికి 12 అంగుళాల స్కేలు చాలు. కొత్త గొలుసులో ఒక పిన్ను మధ్య నుంచి దాని తరవాతి 24వ పిన్ను మధ్యకు కచ్చితంగా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే గొలుసు మార్చాలి, ఎనిమిదో వంతు దాకా ఆగితే వెనక పళ్లచక్రాలూ మార్చాల్సి వస్తుంది.

వచ్చే ఏడాది

గట్టు మలుపుల్లో హెచ్చరిక రాళ్లు పెట్టించమని ఇచ్చిన వినతికి ఇంకా జవాబు రాలేదు, మళ్లీ ఇస్తాం. లొల్ల నుంచి గన్నవరం కాలువ వెంట, వైనతేయ నది మీది అక్విడక్టు (కాలువను నది దాటించే వంతెన) దాటి రాజోలు దీవి వైపు దారిని ఫిబ్రవరిలో కొలుస్తాం. వచ్చేవాళ్లు రెండు అదనపు ట్యూబులు, టేపు తెచ్చుకోవాలి. పగుళ్లు, తూములు, ఇరుకు వంతెనలు ఎక్కడున్నాయో నమోదు చేసే కాగితాలు సంఘమే ఇస్తుంది.