చెట్టు మొదలుకు కాస్త మట్టి వదలండి

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో పదకొండు చెట్లున్నాయి. కాలిబాట వేసినప్పుడు వాటి మొదళ్ల దాకా సిమెంటు పోసేశారు. మా గేటు ముందు చెట్టు ఎండలు ముదరకుండానే ఆకులు రాల్చేస్తుంటే చూడలేకపోయాను. అనుమతి తీసుకుని, ఇరుగుపొరుగు కలిసి చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీయించాం. ఇప్పుడు ఒక్కో పాదును రెండిళ్లవాళ్లు చూసుకుంటున్నాం. పేర్లు కూడా తెలియని మనుషులం, ఈ పాదుల దగ్గరే పరిచయమయ్యాం.

మొదట్లో నేనొక తప్పు చేశాను. పూలమొక్కల కోసం అడుగు ఎత్తున కొత్త మట్టి పోశాను. నీళ్లు పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయని, అంత మట్టి కప్పితే వాటికి గాలాడదని, మొదలుకు ఆనుకుంటే బెరడు కుళ్లుతుందని పక్కింటి పెద్దాయన చెప్పారు. వేళ్లకు పార తగులుతుందన్న భయంతో ఆ సాయంత్రం అంతా చేత్తోనే తోడేశాను. ఇప్పుడు రాలిన ఆకులనే రెండు మూడు అంగుళాల మందాన, మొదలుకు జానెడు దూరం వదిలి పరుస్తున్నాం. తడి త్వరగా ఆరడం లేదు.

అధికారులకు మా మనవి ఒక్కటే. కొత్త కాలిబాటలు వేసేటప్పుడు చెట్టు చుట్టూ పాదు వదలండి. నీళ్లు పోయడానికి మేమున్నాం.

– ఒక కాలనీవాసి